ఒక అంగుళం దిగువన

జనవరి 11

వదినా,

ముందు స్టాంపు సంగతి. వంకరగా అంటించానని నవ్వుకోకు. ఇదివరకు ఈ ఇంట్లో స్టాంపు అంటించే హక్కు ఆయనది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ కదా, స్టాంపు నాలుగంచులూ కవరు అంచులతో సమంగా ఉంటే తప్ప ఒప్పుకునేవారు కాదు. కాలు విరిగినప్పటి నుంచి ముట్టుకోవడం మానేశారు. "వీధి చివర డబ్బా దాకా నడవలేనివాడికి స్టాంపుతో పనేంటి?" అన్నారు. అంతే, ఏడాదిన్నరగా ఆ పని నాదే. బట్టల మీద నా కుట్టు గీత గీసినట్టు వస్తుంది గానీ స్టాంపు మాత్రం రాదు.

ఇక అసలు సంగతి. వెనక గుమ్మం బయట చెక్క అరుగు మళ్ళీ కడుతున్నాను. కట్టించడం కాదు, నేనే కడుతున్నాను. కాంట్రాక్టరు కట్టిన ముచ్చట చూశాంగా. "మీ మనవలు కూడా దీని మీదే ఆడతారు" అన్నాడు మహానుభావుడు. రెండో ఏడే, ఆయన టీ కప్పుతో నిలబడ్డ చోట పలక పుటుక్కుమంది, తొడ దాకా దిగబడిపోయారు. ముందు వైపు పధ్నాలుగు మెట్లు. ఆయన బయటికి వెళ్ళాలంటే వెనక గుమ్మం, అరుగు, అక్కణ్ణించి సందులోకి వాలు, ఇదొక్కటే దారి.

ఎముక ఎప్పుడో అతుక్కుంది. నడవమని డాక్టరు మొత్తుకుంటున్నాడు. ఈయన వాకరు పట్టుకుని గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి. గుమ్మం దగ్గరికి రాగానే కాలు ఆగిపోతుంది. చెక్క మాట ఎత్తితే ముఖం తిప్పేసుకుంటారు. సిమెంటు పోయించొచ్చు కదా అంటావేమో, కింద నీళ్ళ పైపులున్నాయి. నాకు భయంగా ఉంది వదినా. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే ఈ మనిషి ఇక ఆ కుర్చీలోంచి లేవరు.

వడ్రంగి చెల్లెలినే గానీ నాకు ఉలి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. అన్నయ్య ఉంటే ఎలా కట్టేవాడో నీకేమైనా గుర్తుంటే రాయి.

నీ ఆడపడుచు


జనవరి 20

మా ఆడపడుచు గారికి,

ఉత్తరం అందింది. స్టాంపు వంకరగా లేదమ్మా, ఏకంగా పడుకుని ఉంది. ఫోను చెయ్యకుండా కాగితం మీద పెట్టినందుకు సంతోషం. నా చెవులు ఇప్పుడు ఉరుములకి తప్ప పలకడం లేదు.

"నీకేమైనా గుర్తుంటే" అని రాశావు. బాగుంది. ఇరవై ఆరేళ్ళు రంపానికి రెండో కొస పట్టుకున్నది ఎవరనుకున్నావు? పక్కింటావిడ కాదు. మీ అన్నయ్య కొట్టులో కర్ర బేరం నాది, ఆరబెట్టడం నాది, చిత్రిక పట్టడం సగం నాది. పేరు మాత్రం ఆయనది. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కాబట్టి మిగతా సగం మొగుడికి చెప్పాల్సినవి కూడా నీకే చెప్తున్నాను, విను.

కట్టే ముందు చచ్చినదాన్ని చూడు. స్క్రూడ్రైవరు తీసుకుని పాత అరుగుని జానెడుకొక చోట పొడువు. గట్టిగా ఆగితే అక్కడ కర్ర బతికున్నట్టు. మెత్తగా దిగితే గుర్తు పెట్టు. మొత్తం అయ్యాక దూరంగా నిలబడి గుర్తులన్నీ ఒక్కసారి చూడు. అది ఎందుకు చచ్చిందో అదే చెప్తుంది. నాకు రాయి.

ఇంకొక్క మాట ఇప్పుడే చెప్తున్నాను. అరుగు గడపకి సమంగా కట్టకు. ఒక అంగుళం దిగువన ఉండాలి.

పోస్టు అన్నయ్యగారికి నా నమస్కారం చెప్పు. గట్టిగా చెప్పు, నాలాగే ఆయనా వినిపించుకోవడం మానేసినట్టున్నారు.

మీ వదిన


ఫిబ్రవరి 2

వదినా,

పొడిచాను. నలభై ఒక్క చోట్ల మెత్తగా దిగింది. బట్టల మీద గీసే సుద్దతోనే గుర్తులు పెట్టి, కుర్చీ ఎక్కి చూశాను. చూస్తే ఏముంది, గుర్తులన్నీ మూడు చోట్లే గుంపులు కట్టాయి. గోడకి బిగించిన దూలం పొడుగునా ఒకటి. మట్టిలో పాతిన గుంజల మొదళ్ళు రెండు. పలకలు కోసిన కొసలు మూడు. నడిమధ్య పలకలు మాత్రం ఇవాళ్టికీ రాయిలా ఉన్నాయి. అంటే నీళ్ళు ఎక్కడ కూర్చున్నాయో అక్కడే చచ్చిందన్నమాట. ఇంత చిన్న విషయం ఆ కాంట్రాక్టరుకి తెలియకనా?

నేను పొడుస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. కాసేపటికి "నలభై" అన్నారు. లెక్కపెడుతున్నారని అప్పుడు తెలిసింది. ఒకటి తక్కువ చెప్పారని సంబరంగా సరిదిద్దాను. మొగుణ్ణి సరిదిద్దే అవకాశం ఎప్పుడోగానీ రాదు కదా.

కానీ నీ అంగుళం మాట మాత్రం నేను వినను. ఆయన నడక నువ్వు చూడలేదు. కుడి పాదం నేల మీద ఈడుస్తారు. అంగుళం తేడా ఉంటే మొదటి రోజే తట్టుకుని పడతారు, ఇక జన్మలో బయటికి రారు. నేల అద్దంలా గడపకి సమంగా ఉండాల్సిందే.

మరొక మాట. అన్నయ్య వాడిన పాత కొలబద్ద నీ దగ్గరే ఉందా? అది మా నాన్న చేతి బద్ద కదా, ఇప్పుడు నా దగ్గరుంటే బాగుంటుంది. పంపగలవా?

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 10

అమ్మాయ్,

బద్ద విడిగా పొట్లం కట్టి పంపాను. మీ అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళకి పుట్టింటి సామాను గుర్తొచ్చిందన్నమాట. ఇంకా ఉలులు ఏడు, చిత్రికలు రెండు, రంపాలు నాలుగు ఉన్నాయి. వాటిలో మీ నాన్నగారివి ఏవో చెప్తే అవీ కట్టి పంపిస్తాను. నా దగ్గరెందుకు, నేనేమన్నా వడ్రంగినా?

అంగుళం విషయంలో నీ ఇష్టం. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అరుగు ఇంటి గోడని ముట్టుకోకూడదు, దాని కాళ్ళ మీద అదే నిలబడాలి. గుంజలు మట్టిలో పాతకు, కాంక్రీటు దిమ్మల మీద ఇనప బూట్లలో నిలబెట్టు. దిమ్మలన్నీ రసమట్టం పెట్టి ఒకే ఎత్తుకి తీసుకురా. చేవ ఉన్న కర్రే కొను, తెల్లభాగం ఎంత అందంగా ఉన్నా వద్దు. కోసిన ప్రతి కొసకీ అప్పటికప్పుడే అవిసె నూనె తాగించు, రేపటికి వాయిదా వేయకు. తుప్పు పట్టని స్క్రూలు వాడు. పలకకీ పలకకీ మధ్య సందు వదులు. దర్జీ బుద్ధితో అతుకు కనపడకుండా దగ్గరగా నొక్కావంటే మొదటి వానకే ఉబ్బి లేస్తాయి.

కోపంలో ఉన్నాను కాబట్టి క్లుప్తంగా రాశాను.

వదిన


మార్చి 1

వదినా,

నీ క్లుప్తమే ఇంత ఉంటే తీరిగ్గా రాస్తే ఎంతుంటుందో!

నవ్వానని ఇంకా కోపగించుకోకు. ముందు ఏడ్చాను. నేను వాటా అడిగాననుకున్నావా? రంపం పట్టుకోవడం నాకు ఇదే మొదటిసారి. అన్నయ్యది ఏదో ఒకటి పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని అడిగాను. ఆ మాట రాయడానికి సిగ్గేసి నాన్న పేరు చెప్పాను. తప్పయింది. అరుగు అయిపోగానే బద్ద వెనక్కి పంపిస్తాను. ఉలులూ చిత్రికలూ నీవే, వాటి మీద నాకు కన్నే లేదు.

పని చెప్తాను. దిమ్మలు తొమ్మిది పోశాను. రసమట్టం పెడితే నడుమ బుడగ నిద్రపోయినట్టు కదలకుండా నిలబడింది. పొరుగింటావిడ గోడ మీంచి తొంగి చూసి "మీకెందుకండీ ఈ మగరాయుడి పనులు?" అంది. "మీ ఆయన కోటు చేతులు పొడుగయ్యాయని తెచ్చారు కదా, అవి కూడా ఈ రంపంతోనే కోస్తాను, రేపు పంపండి" అన్నాను. మళ్ళీ కనపడలేదు.

పెద్ద వార్త. గడప ఎత్తు కొలవాలి, నేను టేపు ఒక కొస దిమ్మ మీద పట్టుకున్నాను, రెండో కొస పట్టుకునేవాళ్ళు లేరు. చూస్తే ఆయన వాకరు వదిలేసి, గుమ్మం పట్టుకుని వంగి, రెండో కొస అందుకున్నారు! అంకె గట్టిగా చదివారు. అది కాగితం మీద రాసి, దూలం, వాసం, పలక మందాలు తీసేసి, గుంజ పొడవు ఎంతుండాలో లెక్క కట్టింది కూడా ఆయనే. పాదం మాత్రం గడప దాటలేదు. అయినా నాకు ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు.

మొదటి కోత అన్నయ్య బద్దతోనే కొలిచి కోశాను. తర్వాత మిగతా ఎనిమిది గుంజలకీ అదే. ఎంత తిన్నని బద్ద వదినా! అంకెలు సగం చెరిగిపోయాయి గానీ అంచు మాత్రం నిన్న చేసినట్టుంది.

పలకల సందుకి ఏం కొలత పెట్టాలా అనుకుంటే కోటు బొత్తాలు గుర్తొచ్చాయి. అన్నీ ఒకే మందం. సందుకి నాలుగు బొత్తాలు పెట్టి బిగించడం, తీసి పక్క సందులో పెట్టడం. దర్జీ బుద్ధి అన్నావుగా, చూసుకో.

నీ ఆడపడుచు


మార్చి 14

వదినా,

గోరుచుట్టు మీద రోకటిపోటు. గుంజల మీద దూలాలు ఎక్కించి, వాసాలు పరిచి, నిన్న ఉదయం ఒక పలక ఊరికే పెట్టి చూశాను. గడపకి సమంగా రావాలి కదా. రాలేదు. సరిగ్గా అంగుళం దిగువ. ఒక చోట కాదు, తొమ్మిది గుంజల మీదా.

అది కాదు బాధ. ఆయన ముఖం. "నేనే తప్పు చదివుంటాను" అన్నారు. నెల రోజులుగా కిటికీ దగ్గర నిలబడి నాకు కొలతలు చదివి పెడుతున్న మనిషి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఇవాళ కిటికీ దగ్గరికి కూడా రాలేదు.

నేను ఊరుకోలేదు. టేపు పక్కన అన్నయ్య బద్ద పెట్టి చూశాను. ఆ బద్దకి మొదటి అంగుళం లేదు! కొస కోసేసి ఉంది. అది ఒకటి దగ్గర మొదలవుతుంది. ఎత్తు టేపుతో కొలిచాం, గుంజలు బద్దతో కోశాం. ఇరవై రెండు అనుకుని కోసిందల్లా ఇరవై ఒకటే.

ఆయనకి చూపించాను. "నా లెక్క తప్పు కాదని నచ్చజెప్పడానికి బద్ద కూడా కోసేశావా?" అన్నారు. నమ్మలేదు.

వదినా, అడక్కూడదు గానీ అడుగుతున్నాను. నువ్వు అంగుళం దిగువన ఉండాలన్నావు. నేను వినలేదు. ఆ తర్వాత ఈ బద్ద పంపావు. కావాలనే పంపావా?

గుంజల మీద అంగుళం చెక్కముక్కలు పెట్టి మొత్తం లేపుదామనుకుంటున్నాను. త్వరగా రాయి.

ఆడపడుచు


మార్చి 20

ఒసేయ్ ఆడపడుచా,

ముక్కలు పెట్టకు! గుంజకీ దూలానికీ మధ్య ముక్క పెడితే ఆ సందులో నీళ్ళు కూర్చుంటాయి, పాత అరుగు చావే దీనికీ వస్తుంది. ఇది ముందు చదివి, తర్వాత మిగతాది చదువు.

కావాలని పంపలేదు, ఒట్టు. కావాలని చేసేదాన్నయితే తగ్గించేది బద్దలో అంగుళం కాదు, నీ నాలుకలో. పెళ్ళయిన రెండో ఏడు జిగురు కాచే పొయ్యిలో ఆ బద్ద కొస కాలింది. కాలిన కొస కోసింది నేనే. అప్పటి నుంచి కొలిచిన ప్రతిసారీ మీ అన్నయ్య "ఒకటి తీసెయ్" అనేవాడు, నేను తీసేసేదాన్ని. రోజుకి ముప్పైసార్లు. ఆయన పోయినా కొట్టులో ఏది కొలిచినా నా నోట అదే మాట వస్తుంది. నీకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. అది లోకమంతటికీ తెలుసనుకున్నాను. తప్పు నాది. ఈ ముక్క పోస్టు అన్నయ్యగారికి చదివి వినిపించు. ఆయన చదివిన అంకెలో తప్పు లేదు, వేలెడంత కూడా లేదు.

కాంట్రాక్టరు గడపకి సమంగా కట్టాడు. వాన నీళ్ళు నేరుగా గడప కిందికి పోయి గోడ దూలాన్ని తినేశాయి. అందుకే దిగువన ఉండాలన్నాను. కారణం రాయకుండా హుకుం జారీ చేశాను చూడు, అదీ నా తప్పే. నువ్వు అడిగుంటే రాసేదాన్ని, నువ్వు అడగవు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నీకు నడిచొచ్చిన అంగుళం అది, కాదనకు.

ఆయన పాదానికి భయపడుతున్నావు కాబట్టి ఒక పని చెయ్యి. గడప నుంచి పలక మీదికి వాలుగా చెక్కిన ముక్క ఒకటి చేసి ఊరికే ఆనించు. బిగించకు. వాన వెలిశాక తీసి ఎండలో పెట్టు.

బద్ద వెనక్కి పంపనక్కర్లేదు. వెనక వైపు తిప్పి చూశావా? కోసిన కొస దగ్గర రెండు గాట్లుంటాయి. ఒకటి ఆయనది, ఒకటి నాది. మేం చేసిన ప్రతి వస్తువుకీ కింద, ఎవరికీ కనపడని చోట ఆ రెండూ పెట్టేవాళ్ళం. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మీ వదిన


ఏప్రిల్ 18

మా వడ్రంగి వదినకి,

ఈ ఉత్తరం నెమ్మదిగా చదువు, నేను మాత్రం గెంతుతూ రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆయనకి చదివాను. "ఒకటి తీసెయ్" దగ్గర నవ్వారు. "తప్పు లేదు" దగ్గర మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివించుకుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ రోజే పలకలు బిగించడం మొదలుపెట్టాను. బొత్తాలు పెట్టడం నా వంతు, సందులు లెక్కపెట్టడం ఆయన వంతు. ముప్పై ఎనిమిది పలకలు. ప్రతి కొసకీ నూనె తాగించాను. వాలు ముక్క కూడా చెక్కి ఆనించాను. అంతా అయిపోయింది, అరుగు మీద పిల్లి తప్ప ఎవరూ తిరగడం లేదు. ఆయన రోజూ గుమ్మం దాకా రావడం, ఆగడం, వెనక్కి తిరగడం. నేనేమీ అనలేదు వదినా. నీ ఆడపడుచు నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో నీకు తెలుసు.

అప్పుడు వాన పట్టుకుంది. మూడు రోజులు ఆపకుండా. నేను గడప దగ్గర పాత గుడ్డలు పట్టుకుని కాపలా కూర్చున్నాను. ఒక్క చుక్క లోపలికి రాలేదు. పలకల మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే సందుల్లోంచి కిందికి దిగిపోయాయి, మిగిలిన తడి గడప కింద అంగుళం దూరంలోనే ఆగిపోయింది. ఆ అంగుళాన్ని చూసి నీకు అక్కణ్ణించే దణ్ణం పెట్టాను.

నాలుగో రోజు ఉదయం ఎండ వచ్చింది. నువ్వు చెప్పినట్టు వాలు ముక్క తీసి గోడకి ఆనించి, ఆకులు ఊడుస్తున్నాను. వెనక టకటకమని వాకరు చప్పుడు. తిరిగి చూస్తే గడప మీద నిలబడి ఉన్నారు. "ఆగండి! ముక్క తీసేశాను, కింద అంగుళం తేడా ఉంది!" అని అరిచాను.

"కనపడుతోందిలేవే" అన్నారు. "ముప్పై ఒక్క ఏళ్ళు జనం గడపలు ఎక్కి దిగినవాణ్ణి. గడప కనిపిస్తే కాలు దానంతటదే లేస్తుంది. నువ్వు వాలు పెట్టి దాన్ని దాచేశావు, ఎక్కడ లేపాలో తెలియక ఆగిపోతున్నాను."

లేపారు వదినా! ఏడాదిన్నరగా ఈడుస్తున్న ఆ కుడి పాదాన్ని నా కళ్ళముందే లేపి పలక మీద పెట్టారు. తర్వాత ఎడమది. అరుగు అంచు దాకా వచ్చి, పాత పలక విరిగిన చోటే నిలబడి, వాకరుతో మూడుసార్లు గట్టిగా కొట్టి చూశారు. కదల్లేదు. అప్పుడు, వీధి వీధంతా వినపడేలా, ఉద్యోగంలో అరిచినట్టు "పోస్ట్!" అని అరిచారు.

పొరుగింటావిడ పరిగెత్తుకొచ్చింది. సందులో పోతున్న ఆ కాంట్రాక్టరు కూడా ఆగాడు. ఎవరు కట్టారని అడిగాడు. "మా చెల్లెమ్మ చెప్పింది, మా ఆవిడ కట్టింది" అన్నారు ఆయన. ఎక్కి చూడమంటే మాత్రం కాంట్రాక్టరు ఎక్కలేదు. తను కట్టినవి గుర్తొచ్చుంటాయి.

ఆ మధ్యాహ్నం ఒక పని చేశాను. నా పెళ్ళికి అన్నయ్య చేసిచ్చిన కుట్టుబల్ల తలకిందులు చేసి చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళు దాని మీద కుట్టి బతికాను. వచ్చినవాళ్ళందరికీ మా అన్నయ్య చేశాడని గొప్పగా చెప్పుకున్నాను. కింద రెండు గాట్లున్నాయి వదినా. నేల మీద కూర్చుని వాటిని వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయాను. నన్ను క్షమించు. నిన్న పొరుగింటావిడ బల్ల బాగుందంటే "మా అన్నయ్యా వదినా చేశారు" అని చెప్పాను. ఇక ఎప్పుడూ అలాగే చెప్తాను.

అరుగు చివరి పలక కింద నేనూ గాట్లు పెట్టాను. మూడు. మూడోది కొంచెం వంకర, నాదని తెలియడానికి.

వచ్చి చూడు. వచ్చేటప్పుడు ఆ బద్ద మర్చిపోకు అంటాననుకున్నావా, అది ఇక్కడే ఉంది. ఉలులు తీసుకురా. ముందు మెట్లకి పట్టుకునే కర్ర కడదాం, ఇద్దరం.

కవరు మీద అడ్రసు రాశాక తనకిమ్మంటున్నారు. ఎందుకో అడిగితే చెప్పరు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 24

మరదలు పిల్లా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఇంకా విప్పలేదు. విప్పకముందే ఇది రాస్తున్నాను.

కవరు బల్ల మీద పెట్టి మీ అన్నయ్య మూలమట్టం తెచ్చి ఆనించాను. స్టాంపు నాలుగంచులూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా ఉన్నాయి.

డబ్బా దాకా నడిచారన్నమాట.

ఏడుపొచ్చి కళ్ళజోడు తడిసిపోయింది. తుడుచుకుని, ఆ స్టాంపు చిరగకుండా విప్పుదామని కత్తెర వెతుక్కుంటున్నాను.

మీ వదిన